చిన్న ఇంజిన్ ఎక్కడ మిగులుస్తుంది, ఎక్కడ తాగుతుంది

కారు కొనేముందు మన దగ్గర మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఎంతిస్తుంది?" కూకట్‌పల్లి షోరూంలో అడిగినా, ఎల్బీనగర్‌లో పాత బండ్లు అమ్మే చోట అడిగినా జవాబు ఒక అంకెగానే వస్తుంది. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో మాన్యువల్ గేర్ల రకానికి కంపెనీ చెప్పే అంకె లీటరుకు 24.8 కిలోమీటర్లు. ఇలాంటి కారులో ఆఫీసు వేళల్లో మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి వెళ్లొచ్చే మనిషి ట్యాంకు ఫుల్ చేయించి లెక్క వేసుకుంటే పదిహేను వచ్చినా ఆశ్చర్యం లేదు. మొదటి అనుమానం బంకు మీదికి పోతుంది. తర్వాత మెకానిక్ మీదికి. చివరికి కంపెనీవాళ్లు అబద్ధం చెప్పారని తేల్చేస్తారు.

అబద్ధమేమీ కాదు. ఆ అంకె రోడ్డు మీద పుట్టింది కాదు, అంతే. ల్యాబ్‌లో కారును రోలర్ల మీద నిలబెట్టి, చక్రాలు ఉన్నచోటే తిరుగుతుండగా, ముందే రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం నడుపుతారు. దాదాపు 20 నిమిషాలు, 10 కిలోమీటర్ల పైచిలుకు దూరం. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, సగటు 32 దగ్గర. ఏసీ ఆఫ్. అక్కడ ఆటో అడ్డం రాదు, యూటర్న్ దగ్గర ఆర్టీసీ బస్సు ఆగదు, ఫ్లైఓవర్ ఎక్కే పని ఉండదు. రెండు కార్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఈ పరీక్ష బాగానే పనికొస్తుంది. అమీర్‌పేటలో ఎంత వస్తుందో చెప్పడం దాని పని కాదు.

ఇంతకీ చిన్న ఇంజిన్ పెట్రోలు ఎందుకు తక్కువ తాగుతుంది? చిన్నది కాబట్టి అనేస్తే సరిపోదు. టన్ను బరువును కిలోమీటరు దూరం లాగడానికి ఎంత పని పడుతుందో అంతే పడుతుంది, లాగేది చిన్న ఇంజినైనా పెద్దదైనా. మనుషులతో కలిపి 1100 కిలోలు ఉండే కారును తీసుకుందాం. చదునైన రోడ్డు మీద 40 వేగంతో నిలకడగా పోవడానికి దానికి కావాల్సింది రెండు కిలోవాట్ల చిల్లర, అంటే దాదాపు మూడు హార్స్‌పవర్. నమ్మబుద్ధి కాదు గానీ టైర్ల రాపిడి, గాలి అడ్డు లెక్క కడితే అంతే తేలుతుంది. 80, 90, 120 హార్స్‌పవర్ అని చెప్పి అమ్మే కారు ఊళ్లో నిలకడగా పోతున్నప్పుడు వాడుకునేది మూడు! మిగతాదంతా ఓవర్‌టేక్ చేయడానికీ, ఎత్తెక్కడానికీ దాచిపెట్టుకున్న బలం.

చిక్కంతా ఇక్కడే. పెట్రోలు ఇంజిన్‌కు తక్కువ పని చేయడం చేతకాదు. దాని బలం తగ్గించాలంటే లోపలికి పోయే గాలిని తగ్గించాలి. ఆ పని చేసే తలుపు పేరు థ్రాటిల్. యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా ఆనిస్తే ఆ తలుపు కొద్దిగానే తెరుచుకుంటుంది. అప్పుడు కిందికి దిగే ప్రతి పిస్టన్, ముక్కు సగం మూసుకుని ఊపిరి పీల్చే మనిషిలా, ఆ సన్నటి సందులోంచి గాలిని బలవంతంగా లాక్కోవాలి. ఈ లాక్కోవడానికే కొంత పెట్రోలు కాలిపోతుంది. దీనికి తోడు పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, ఆయిల్ పంపు వీటన్నిటి రాపిడి. బండి మూడు హార్స్‌పవర్ అడిగినా ముప్పై అడిగినా, ఇంజిన్ తిరిగే వేగం మారకపోతే ఈ రాపిడి ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే పెట్రోలు ఇంజిన్ ఓ మోస్తరు వేగంతో తిరుగుతూ, తన బలంలో ముప్పావు వంతు దాకా వాడుతున్నప్పుడు బాగా పని చేస్తుంది. దాదాపు ఖాళీగా తిరుగుతున్నప్పుడు చాలా దుబారా చేస్తుంది.

ఏనుగు పని చేసినా చేయకపోయినా దాని మేత దానికి పడాల్సిందే. రెండు లీటర్ల ఇంజిన్ అలాంటిది. అదే మూడు హార్స్‌పవర్ పనిని ఒక లీటరు ఇంజిన్‌కు అప్పగిస్తే దాని థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకుంటుంది, లోపల రాసుకునే భాగాలు తక్కువ, తిప్పాల్సిన బరువూ తక్కువ. చిన్న ఇంజిన్ ఆదా అంతా ఇదే. బలంగా లాగేటప్పుడు అది పెద్దగా ఏమీ మిగల్చదు. తీరిగ్గా తిరిగేటప్పుడు తక్కువ వృథా చేస్తుంది. హైదరాబాద్ లాంటి ఊళ్లో బండి బతుకంతా తీరిగ్గా తిరగడమే కాబట్టి ఇక్కడ అది నెగ్గుతుంది.

డీజిల్ బండ్లు ఊళ్లో కూడా అంత మైలేజీ ఇవ్వడానికి ఒక ముఖ్య కారణం ఇదే. డీజిల్ ఇంజిన్‌లో గాలి పూర్తిగా లోపలికి పోతుంది, బలాన్ని చల్లే డీజిల్‌తోనే పెంచుతారు, తగ్గిస్తారు. ముక్కు మూసుకునే బాధ లేదు. ఫియట్ తయారు చేసిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజిన్‌ను మారుతి, టాటా కూడా తమ కార్లలో పెట్టుకున్నాయి, అందుకే దాన్ని మన దేశపు జాతీయ ఇంజిన్ అని సరదాగా అనేవారు. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగకు పరిమితులు పెట్టే బీఎస్ 6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్‌కు పూర్తిగా స్వస్తి చెప్పింది. చిన్న డీజిల్ పొగను శుద్ధి చేసే సరంజామా ఖర్చు చిన్న కారు ధర మోయలేదు. అక్కడితో బరువంతా చిన్న పెట్రోలు ఇంజిన్ల మీద పడింది.

ఇప్పుడు చిన్న కార్లలో మూడు సిలిండర్ల ఇంజిన్ పేరు వింటే కొందరికి ముఖం చిట్లుతుంది. "వణుకుతుంది కదా" అంటారు. వణుకు నిజమే. సిలిండర్ అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక పేలుడు జరుగుతుంది, మూడింటిలో 240 డిగ్రీలకు ఒకటి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ కుదుపు స్టీరింగ్ దాకా వస్తుంది. పైగా మూడు పిస్టన్ల వరసలో ఈ చివర పైకి, ఆ చివర కిందికి ఊగే గుణం ఉంది. మంచి మౌంటింగ్‌లు పెట్టి దీన్ని చాలావరకు దాచేస్తున్నారు గానీ సిగ్నల్ దగ్గర ఏసీ కంప్రెసర్ అందుకున్న క్షణంలో మాత్రం బయటపడుతుంది.

ఇంత వణుకు ఎందుకు భరించాలి? 1200 సీసీని నాలుగుగా కాకుండా మూడుగా విడగొడితే ఒక్కో సిలిండర్ 300 సీసీ నుంచి 400 సీసీకి పెరుగుతుంది. పెద్ద గదికి, లోపలి చోటుతో పోలిస్తే, గోడలు తక్కువ. గోడల గుండా ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లలోకి పోయే వేడి తగ్గుతుంది, ఆ వేడి పిస్టన్‌ను తొయ్యడానికి మిగులుతుంది. ఒక పిస్టన్, దాని రింగులు, దాని వాల్వులు మొత్తంగా లేకుండా పోయాయి కాబట్టి రాపిడీ తగ్గింది. స్విఫ్ట్‌లో 2024లో ఇదే జరిగింది. 1197 సీసీ కొలత అలాగే ఉంచి నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్ తీసేసి మూడు సిలిండర్లది పెట్టారు. బలం 90 హార్స్‌పవర్ దగ్గర నుంచి 82 దగ్గరికి పడింది, కాగితం మీద మైలేజీ పెరిగింది. నున్నదనం ఇచ్చి మైలేజీ తెచ్చుకున్నారన్నమాట. పాత ఇంజిన్ నడిపి అలవాటైన చేతికి ఈ బేరం నచ్చకపోవడంలో తప్పు లేదు. నిజానికి మూడు సిలిండర్లు మనకు కొత్త కాదు. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800 ఇంజిన్ కూడా మూడు సిలిండర్లదే, 796 సీసీ. ఒక తరం దాని మీదే డ్రైవింగ్ నేర్చుకుంది, అప్పుడెవరూ సిలిండర్లు లెక్కపెట్టలేదు.

ఇక మన రోడ్ల దగ్గరికి వద్దాం. 1100 కిలోల బండి 40 వేగంతో పోతోందంటే దానిలో 68 కిలోజౌళ్ల శక్తి దాగి ఉంటుంది. బ్రేకు తొక్కితే అదంతా డిస్కుల్లో వేడి అయి గాల్లో కలుస్తుంది. మళ్లీ 40కి రావాలంటే మళ్లీ అంత శక్తి పెట్రోలు నుంచే రావాలి. ఊళ్లో తిరిగే ఇంజిన్ పెట్రోలులోని శక్తిలో ఐదో వంతో, ఇంకాస్త ఎక్కువో చక్రాలకు ఇస్తుందనుకుంటే, అలాంటి ఆగడం, కదలడం ఒక వంద చేస్తే లీటరు అయిపోతుంది. 2025లో హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల పైనే. అంటే 40లో పోతూ బ్రేకు తొక్కి పూర్తిగా ఆగిన ప్రతిసారీ దాదాపు ఒక రూపాయి. ముందు బండికి దగ్గరగా వెళ్లి టక్కున ఆగి, మళ్లీ ఒక్కసారిగా ఎత్తుకునే డ్రైవింగ్‌కు టోలిచౌకి నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ లోపు ఎన్ని రూపాయలు రాలిపోతాయో ఎవరికి వారు లెక్కపెట్టుకోవచ్చు. ఈ ఖర్చును తగ్గించడం చిన్న ఇంజిన్ వల్ల కాదు, తక్కువ బరువున్న కారు వల్ల అవుతుంది. చిన్న ఇంజిన్ కార్లు సాధారణంగా తేలిగ్గా కూడా ఉంటాయి కాబట్టి ఆ పుణ్యం ఇంజిన్ ఖాతాలో పడిపోతుంది.

ఎత్తుపల్లాలదీ ఇదే లెక్క. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అన్న పేర్లు ఊరికే రాలేదు, అవి రాతిగుట్టల మీద లేచిన కాలనీలు. ముప్పై మీటర్ల ఎత్తు ఎక్కితే అయిదు బ్రేకులంత ఖర్చు. అయితే ఎక్కిన ఖర్చులో కొంత దిగేటప్పుడు తిరిగి వస్తుంది, చేజేతులా పారేసుకోకపోతే. దిగుడులో న్యూట్రల్ వేసి దొర్లించడం మన దగ్గర పాత అలవాటు. కంప్యూటర్ లేకుండా పెట్రోలును గాలిలో కలిపే కార్బురేటర్ కాలంలో దానికి కాస్త అర్థం ఉండేది. ఇప్పటి ఇంజిన్‌లో గేరులో ఉంచి కాలు తీసేస్తే కంప్యూటర్ పెట్రోలు చల్లడం పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు చల్లక తప్పదు. ఆదా అనుకుని చేసేది ఖర్చు, పైగా పల్లంలో బండి అదుపు తగ్గుతుంది. ఎత్తు మీద సిగ్నల్ పడితే హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెట్టడం ఇంకో దుబారా. చిన్న ఇంజిన్‌కు కింది వేగంలో లాగే బలం తక్కువ కాబట్టి ఈ తప్పు దాని దగ్గర ఎక్కువ జరుగుతుంది. క్లచ్ ప్లేటు ఖరీదు వేరే.

హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి వైజాగ్ గాలి కంటే ఐదారు శాతం పలచన. గాలిని లోపలికి కుక్కే టర్బో అనే పరికరం లేని ఇంజిన్ అందే గాలి మీదే బతుకుతుంది కాబట్టి కాగితం మీద 82 హార్స్‌పవర్ ఉన్నది ఇక్కడ 77 దగ్గర ఆగుతుంది. కాలు పూర్తిగా నొక్కినప్పుడే ఈ తేడా తెలుస్తుంది. మామూలుగా పోయేటప్పుడు పలచని గాలి వల్ల థ్రాటిల్ కాస్త ఎక్కువ తెరవాల్సి వస్తుంది, ఆ మేరకు ముక్కు మూసుకునే నష్టం ఒక పిసరు తగ్గుతుంది కూడా.

ఏసీ సంగతి దీనికంటే పెద్దది. ఎండాకాలం మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారును చల్లబరచడానికి కంప్రెసర్ రెండు మూడు కిలోవాట్లు లాగుతుంది. 40 వేగంలో కారు నడవడానికి ఎంత కావాలన్నాం? దాదాపు అంతే. అంటే ఏసీ వేసుకున్న చిన్న కారు వెనక ఇంకో కారును తాడు కట్టి లాగుతున్నట్టు లెక్క. ఒక లీటరు ఇంజిన్‌లో ఏసీ వేయగానే పికప్ చచ్చిపోయినట్టు అనిపించడం భ్రమ కాదు. ఏసీ లేకుండా మే నెలలో పంజాగుట్ట దాటమని సలహా ఇవ్వడం మాత్రం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

ఊరు దాటి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే బొమ్మ తిరగబడుతుంది. 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ మీద వేగం పరిమితిని 2023లో 120కి పెంచారు. 80లో పోవడానికి పది హార్స్‌పవర్ చాలు, 120లో ఇరవై ఆరో ఇరవై ఏడో కావాలి. కిలోమీటరుకు పడే పనే ముప్పావు వంతు పెరుగుతుంది. ఒక లీటరు ఇంజిన్ అప్పుడు టాప్ గేరులో కూడా మూడున్నర వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర అరుస్తూ తిరుగుతుంది. పెద్ద ఇంజిన్ తీరిగ్గా రెండు వేల చిల్లరలో పోతుంది. ఊళ్లో ఉన్న ఆదా ఇక్కడ దాదాపు కరిగిపోతుంది. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను పెట్టుకుని విజయవాడ హైవే మీద 110 పైన పోయేవారికి చిన్న ఇంజిన్ వల్ల మిగిలేది ఏమంత ఉండదు.

దీనికి మందుగా వచ్చిందే చిన్న టర్బో. హ్యుందాయ్ 998 సీసీ టర్బో 120 హార్స్‌పవర్ ఇస్తుంది, అదే కంపెనీ 1197 సీసీ మామూలు ఇంజిన్ 83 ఇస్తుంది. పొగగొట్టంలోంచి పోయే వేడి గాలితో ఒక చక్రం తిప్పి, దాంతో లోపలికి ఎక్కువ గాలి కుక్కుతారు. పలచని దక్కన్ గాలి బాధ కూడా దీనికి పెద్దగా లేదు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా, ఈ పిట్టకు కూత పెరిగితే మేతా పెరుగుతుంది. కాలు నెమ్మదిగా ఉన్నంతసేపు అది ఒక లీటరు ఇంజినే. కాలు నొక్కారా, పెద్ద ఇంజిన్ అంత గాలి మింగుతుంది, ఆ గాలికి తగ్గ పెట్రోలూ తాగుతుంది. భారం మరీ ఎక్కువైనప్పుడు వేడిని అదుపులో పెట్టడానికి చాలా టర్బోలు అవసరానికి మించి కూడా పెట్రోలు చల్లుతాయి. టర్బో కొనేది పికప్ కోసం. మైలేజీ కోసం కొన్నామని చెప్పేవారు తమకు తాము సర్ది చెప్పుకుంటున్నారు.

ఇన్ని కంపెనీల ఇంజిన్లు 1197, 1199 దగ్గరే ఎందుకు ఆగుతాయన్న అనుమానం ఎవరికైనా వచ్చి ఉంటుంది. అది ఇంజినీరింగ్ కాదు, పన్ను. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గిస్తూ చిన్న కారు అంటే ఏమిటో రాశారు: పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలైతే ఇంజిన్ 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 లోపు. ఆ గీత కోసమే స్విఫ్ట్‌లోని 1298 సీసీ ఇంజిన్ 2010లో 1197 అయింది. ఆ గీత కోసమే డిజైర్ డిక్కీ 2012లో కత్తిరించినట్టు పొట్టిదైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారినప్పుడూ గీత చెక్కుచెదరలేదు, లోపలున్నవాటికి 18 శాతం, బయటివాటికి 40. ఒక సీసీ ఎక్కువైతే ధరలో లక్షలు తేడా వస్తే ఏ కంపెనీ మాత్రం గీత దాటుతుంది?

సీఎన్‌జీ అంకెల దగ్గర ఒక చిన్న జాగ్రత్త. వేగనార్ ఒక లీటరు పెట్రోలుకు 24.35 కిలోమీటర్లు, సీఎన్‌జీకి 34.05 అని చూసి ఇంజిన్ మెరుగైందనుకుంటారు. రెండోది లీటరుకు కాదు, కిలోకు. కిలో సీఎన్‌జీలో లీటరున్నర పెట్రోలుకు దగ్గరగా శక్తి ఉంటుంది. ఇంజిన్ అదే, తాగే శక్తీ ఇంచుమించు అంతే. మిగిలేదంతా గ్యాస్ ధరలోని తేడా. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం దీనికి తలకిందుల లెక్క. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి ఆ మిశ్రమం లీటరులో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఇథనాల్‌కు తగినట్టు తయారైన ఇంజిన్ అందులో కొంత రాబట్టుకోగలదు, పాత బండికి ఆ వీలు తక్కువ.

ఇక "ఎంతిస్తుంది" అన్న ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే బండి మైలేజీ 10 నుంచి 12కి పెరిగితే 167 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 22కి పెరిగితే మిగిలేది 45 లీటర్లే. పెరిగింది రెండు చోట్లా రెండే. యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుంది అని అడుగుతారు, ఆ లెక్కలో ఈ మోసం ఉండదు. మన షోరూంలో 22 ఇచ్చే కారా, 24 ఇచ్చే కారా అని ఇంట్లో వారం రోజులు చర్చ జరుగుతుంది. ఆ అంకెలు నిజంగానే వచ్చాయనుకున్నా ఏడాదికి తేడా 38 లీటర్లు, నాలుగు వేల రూపాయల చిల్లర. అదే మనిషి ఏసీ వేసుకుని రోజుకు పావుగంట సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబడితే, గంటకు ఒక లీటరు చొప్పున చూసినా, 300 రోజుల్లో 75 లీటర్లు.